మేత బీడుకు పెద్దమనుషులు

1934 మే నెలలో అమెరికా మధ్య మైదానాల్లో లేచిన దుమ్ము తూర్పు తీరం దాకా కొట్టుకొచ్చి న్యూయార్క్, వాషింగ్టన్ నగరాలను కమ్మేసింది. పడమటి రాష్ట్రాల్లో సర్కారు బీళ్లు అప్పటికే బోసిపోయి ఉన్నాయి. ఎవరి మంద ముందు దిగితే వాళ్లదే మేత. ఇవాళ తాము మేపకపోతే రేపు పక్కవాడు మేపేస్తాడన్న భయంతో గడ్డి మొలకెత్తీ ఎత్తకముందే పశువులను తోలేవారు. ఆవుల ఆసాములకూ గొర్రెల ఆసాములకూ మధ్య తుపాకులు పేలిన సందర్భాలూ ఉన్నాయి. ఆ ఏడాది జూన్ 28న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆ బీళ్లలో మేతకు హద్దులు పెట్టే టేలర్ మేత చట్టం మీద సంతకం చేశారు.

అమలు బాధ్యత ఫారింగ్టన్ కార్పెంటర్ మీద పడింది. ఆయన కొలరాడోలోని హేడెన్‌లో హెరెఫర్డ్ జాతి పశువులు పెంచే రైతు, హార్వర్డ్‌లో చదివిన లాయరు కూడా. చూసుకోవాల్సిన భూమి 8 కోట్ల ఎకరాలు. సిబ్బంది పట్టుమని ఇరవై మంది లేరు. ఏ వాగులో ఏ నెల దాకా నీళ్లుంటాయో, ఏ కొండవాలున మంచు ముందు కరుగుతుందో రాజధానిలో కూర్చున్న గుమస్తాకు తెలిసే అవకాశం లేదు. అందుకే కార్పెంటర్ పడమటి రాష్ట్రాలు తిరిగి సభలు పెట్టారు. 1934 సెప్టెంబర్‌లో గ్రాండ్ జంక్షన్‌లో మొదలైంది ఆ పని. ఆవులవాళ్లు, గొర్రెలవాళ్లు చెరి సమానంగా తమ ప్రతినిధులను ఎన్నుకోవాలి. హద్దులు ఎక్కడ, ఎవరికెంత మేత అన్నది వాళ్లే కూర్చుని తేల్చాలి. అలా పుట్టినవే మేత సలహా మండళ్లు. 1939లో వాటికి చట్టబద్ధత వచ్చింది.

ఆ మండళ్లు మంచి పని చేశాయనడంలో సందేహం అక్కర్లేదు. కొట్లాటలు సద్దుమణిగాయి, మందలకు లెక్కలు ఏర్పడ్డాయి. కానీ ఆ సభలో ఎవరు లేరో కూడా చూడాలి. చుట్టుపక్కల సొంత భూమి, నీటి వసతి ఉన్నవాళ్లకే మేత పర్మిట్లలో ప్రాధాన్యం. దాంతో సెంటు భూమి లేకుండా గొర్రెలు తోలుకుని తిరిగే సంచార కాపరులు, ముఖ్యంగా స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దుల నుంచి వలసవచ్చిన బాస్కులు, ఆ బీళ్లకు దూరమయ్యారు. వన్యప్రాణుల తరఫున మండలికి ఒక్క సభ్యుణ్ణి ఇచ్చి సరిపెట్టారు. పేరుకు సలహాయే గానీ, దాదాపు ప్రతి సలహానూ అధికారులు అలాగే ఆమోదించేవారు.

పుల్లరి, అంటే మేత పన్ను, అనగానే తెలుగువాళ్లకు పల్నాడు, దానికి ఎదురు తిరిగి 1922లో ప్రాణమిచ్చిన కన్నెగంటి హనుమంతు గుర్తుకొస్తారు. అమెరికాలో గొడవ అందుకు తలకిందులు. అక్కడ పుల్లరి మరీ తక్కువన్నదే విమర్శ. ఒక ఆవు, దాని దూడ నెల రోజులు మేయడానికి 1936లో పెట్టిన రుసుము 5 సెంట్లు. దాన్ని పెంచుతామన్నప్పుడల్లా పశుపోషకులు అడ్డం తిరిగారు, నెవాడా సెనేటర్ పాట్ మెకారన్ వాళ్లకు కొమ్ముకాశారు. 1946లో ఈ చట్టాన్ని అమలు చేసే మేత శాఖకు నిధులు కోసేసి, దాన్ని భూముల కార్యాలయంలో కలిపి బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్‌ను ఏర్పాటు చేశారు. అప్పుడు ఉన్న కొద్దిమంది ఉద్యోగుల జీతాల్లో కొంత ఈ సలహా మండళ్లే తమ వాటా నిధుల్లోంచి కట్టాయి. మందను లెక్కపెట్టే ఉద్యోగికి మంద యజమాని జీతమిస్తే ఆ లెక్క ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

1976లో వచ్చిన మరో చట్టం ఆ మండళ్ల అధికారాన్ని కుదించింది. 1985 చివరితో వాటి గడువూ తీరిపోయింది. పదేళ్లకు అంతర్గత వ్యవహారాల శాఖ మంత్రి బ్రూస్ బాబిట్ కొత్త పద్ధతి తెచ్చారు. అంతకుముందు ఆయన, కొలరాడో గవర్నర్ రాయ్ రోమర్ పశుపోషకులనూ పర్యావరణవాదులనూ ఒకచోట కూర్చోబెట్టి వరసగా చర్చలు జరిపారు. 1995లో ఏర్పడిన వనరుల సలహా మండళ్లలో 10 నుంచి 15 మంది ఉంటారు. మేత, గనులు, కలప లాంటి వ్యాపారాలవాళ్లు ఒక వర్గం. పర్యావరణం, పురావస్తువుల వంటి విషయాలు పట్టించుకునేవాళ్లు రెండో వర్గం. స్థానిక ప్రభుత్వాలు, మూలవాసీ తెగలు, విద్యావేత్తలు మూడో వర్గం. ఏ సిఫారసైనా గట్టెక్కాలంటే మూడు వర్గాల్లోనూ విడివిడిగా మెజారిటీ రావాలి. ఈ ఒక్క నియమమే పాత మండళ్లకూ కొత్తవాటికీ మధ్య అసలు తేడా. పశుపోషకుడి అనుభవం పక్కకు పోలేదు, అదొక్కటే చెల్లుబాటు కావడమూ ఆగింది.

బీడు బాగోగులు చూడాల్సింది కాగితాల మీద కాదు, వాగు ఒడ్డున. ఎండలు ముదిరితే పశువులు నీడకోసం, నీటికోసం వాగును వదలవు. గట్లు విరుగుతాయి, లేత విల్లో చెట్లు మొదలంటా పోతాయి, నీరు నిలవక దిగువకు జారిపోతుంది. నెవాడాలో ఎల్కో దగ్గర సూసీ క్రీక్ అలాగే ఎండి ఒరుసుకుపోయింది. 1990ల నుంచి అక్కడి పశుపోషకులు, బ్యూరో నిపుణులు మాట్లాడుకుని, మేపడం మానకుండానే మేపే కాలం మార్చారు. మండు వేసవిలో ఒడ్డుకు విశ్రాంతి ఇచ్చారు. విల్లోలు తిరిగి లేచాయి, వాటి వెంట బీవర్లు వచ్చి కొమ్మలతో కట్టలు కట్టాయి, వాగు పొడవునా మడుగులు నిలిచాయి. కోర్టు తీర్పు కంటే, కొత్త కంచె కంటే పశువు ఏ నెలలో ఎక్కడుండాలన్న ఒప్పందమే అక్కడ ఎక్కువ పని చేసింది.

నేడు బ్యూరో కింద మేతకు వదిలిన భూమి దాదాపు 15.5 కోట్ల ఎకరాలు. రెండు తెలుగు రాష్ట్రాల మొత్తం విస్తీర్ణానికి రెండింతల పైమాటే. ఇంత భూమికి స్థానిక సలహా ఆగితే నష్టం ఎవరికన్నది ఊహించవచ్చు. అయినా 2017లో సమీక్ష పేరుతో అదే శాఖకు అప్పటి మంత్రి ర్యాన్ జింకీ ఈ వనరుల సలహా మండళ్ల సమావేశాలను నెలల తరబడి ఆపేశారు. పుల్లరి విషయానికొస్తే 2019 నుంచి 2025 దాకా 1.35 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. 1986లో విధించిన కనీస పరిమితి అదే.

సమావేశాల తేదీలు మంత్రి ఇష్టాయిష్టాలను బట్టి కాక చట్టంలోనే ఉండాలి. ఖాళీ అయిన స్థానాన్ని ఫలానా గడువులోగా నింపి తీరాలన్న షరతు ఉండాలి. వాగు ఒడ్డున గడ్డి ఎత్తు కొలిచే ఉద్యోగి జీతం ఖజానా నుంచే, కోతల్లేకుండా రావాలి. అప్పుడే ఈ మండళ్ల సలహాకు విలువ ఉంటుంది.