పిల్లికి విశ్వాసము లేదా?

తెలుగువారి సామెతలలో పిల్లి మోసినన్ని నిందలు మఱి యే పెంపుడు జంతువును మోయలేదు. కండ్లు మూసికొని పాలు త్రాగునది పిల్లి. ఎటు దూకునో తెలియనీయక గోడమీద కూర్చుండునది పిల్లి. ఉట్లు తెగవలెనని శాపములు పెట్టునది పిల్లి. ఎలుకకు ప్రాణసంకటమైన వేళ చెలగాటమాడునది పిల్లి. మన పూర్వగ్రంథములును దీనియెడ దయ చూపినవి కావు. భారతమున ఉద్యోగపర్వమునందు దుర్యోధనుడు ఉలూకునిచేత ధర్మరాజునకు పంపిన నిష్ఠురోక్తులలో, గంగాతీరమున చేతులెత్తి తపమాచరించుచు ఎలుకలను నమ్మించి భక్షించిన కపట మార్జాలపు కథ యున్నది. హితోపదేశములోని దీర్ఘకర్ణుడు ముసలి గ్రద్దను ధర్మవచనములతో నమ్మించి పక్షిపిల్లలను తినివేసెను. మహాబలిపురమున ఏడవ శతాబ్దమునాటి పల్లవశిల్పులు మహాశిలమీద గంగావతరణమును చెక్కుచు, అంత పవిత్రమైన ఘట్టమునందును ఒక మూల దొంగ తాపసియైన పిల్లిని నిలువబెట్టక మానలేదు. ఇన్ని తరములుగా ఇట్టి సాక్ష్యము విన్నవారికి, కుక్కకున్న విశ్వాసము పిల్లికి లేదను తీర్పు విచారణ యక్కఱలేని సత్యమువలె తోచుటలో వింత యేమున్నది?

ఆ తీర్పు తప్పని నా వాదము. పిలిచినంతనే పరుగెత్తి వచ్చుట, తోక యాడించుట, కొట్టినను తిరిగి వచ్చి కాళ్ళు నాకుట, వీనికే మనము విశ్వాసమని పేరు పెట్టుకొంటిమి. ఇవి కుక్క చేయు పనులు. వీనిలో నొక్కటియు పిల్లి చేయదు గనుక దానికి ప్రేమయే లేదని నిర్ణయించుట, ఉత్తరము వ్రాసినవాడు మనకు రాని లిపిలో వ్రాసెనని అతడేమియు వ్రాయలేదనుటవంటిది.

చీపురుపల్లివంటి యూరిలో పిల్లిని ఎవ్వరును కొని తెచ్చుకొనరు, ఎవ్వరును పిలువరు. ధాన్యమో మొక్కజొన్నయో బస్తాలలో నిలువచేసిన యింటి దొడ్డిగోడమీద అది యొకనాడు కనబడును. కొన్ని దినములకు వంటింటి గడప దాటును. వానలు పట్టునప్పటికి అటకమీద పిల్లలను పెట్టును. అప్పటినుండి అది మన పిల్లి. ఈ చిన్న చరిత్ర మానవజాతికిని పిల్లికిని నడచిన పెద్ద చరిత్రకు ప్రతిబింబమే. పశ్చిమాసియాలో మనుష్యుడు సేద్యము నేర్చి గింజలు దాచుకొనగా ఎలుకలు చేరినవి, ఎలుకలవెంట ‘ఫెలిస్ లిబికా’ అను అడవిపిల్లి చేరినది. సైప్రస్ ద్వీపమున ఇంచుమించు 9,500 ఏండ్లనాటి సమాధిలో ఒక మనుష్యునికి ప్రక్కనే పాతిపెట్టిన పిల్లి యెముకలు దొరకినట్లు 2004లో పురావస్తు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నేటి పెంపుడు పిల్లులన్నియు ఆ అడవిపిల్లి సంతతియేనని 2007లో జన్యుపరిశోధన తేల్చినది. వేటకు, కాపలాకు, మందను మళ్ళించుటకు మనుష్యుడు కుక్కను ఏరి ఏరి పెంచి, చెప్పినమాట వినుటయే దాని గుణముగా మలచినాడు. పిల్లిని అట్లు మలచినవారు లేరు. దానికి చేతనైన పనియే మనకును కావలసి వచ్చినది కాబట్టి అది తనంత వచ్చి, తనంత నిలిచినది.

ఇంకొక సంగతి. ఆ అడవిపిల్లి ఏకాకి. కుక్కకు మూలపురుషుడైన తోడేలు గుంపులో పుట్టి గుంపులో పెరుగునది గనుక, కలసి మెలసి యుండు మర్యాదలన్నియు దానికి పుట్టుకతో అబ్బినవి. ఒంటరిగా తిరుగు పిల్లి తన జీవితమున మఱియొక ప్రాణిని నిర్భయముగా ప్రేమించు కాలము ఒక్కటే కలదు. అది తల్లి పొదుగుకడ నున్న శైశవము. కావున మనుష్యునితో స్నేహము చేయవలసి వచ్చినపుడు అది తన యొద్దనున్న ఆ ఒక్క భాషనే, అనగా పసికూన తల్లితో మాటలాడిన భాషనే, వాడుకొన్నది. ఈ యొక్క సూత్రము పట్టుకొన్నచో పిల్లి వింతచేష్టలలో సగము వింతలు కాకపోవును.

మీరు బజారునుండి వచ్చి చెప్పులు విప్పుచుండగా తోకను నిటారుగా నిలిపి, చివర కొంచెము వంచి మీవైపు నడచి వచ్చు పిల్లిని చూచియుందురు. తల్లి కనబడగానే కూన చేయునది అదియే. ఎదిగిన అడవిపిల్లిలో ఈ గుఱుతు కనబడుట అరుదు, మన యింటి పిల్లి దానిని ముసలితనము వఱకు విడువదు. పిమ్మట అది చెక్కిలిని, ప్రక్కను మీ కాళ్ళకు రాచుచు చుట్టు తిరుగును. అన్నము కొఱకే ఈ నటన యని మనవారందురు. అన్నము కొఱకును కావచ్చును, కాదనను. కాని దాని చెక్కిళ్ళయందును, నుదుటను, తోక మొదటను వాసన గ్రంథులున్నవి, ఒకచోట కలసి మెలసి యుండు పిల్లులు ఒకదాని నొకటి రాచుకొని అన్నిటికి నొకే వాసన యగునట్లు చేసికొనును. ఆ వాసన మీకు పూయుటయనగా మిమ్ములను తన వారిలో చేర్చుకొనుట.

ఒడిలో చేరి ముందఱి కాళ్ళతో మార్చి మార్చి పిసుకుటయు ఇట్టిదే. పాలు చేపుటకై కూన తల్లి పొదుగును పిసికిన అభ్యాసము పెద్దయైనను పోలేదు. పొందూరు సన్నఖద్దరు పంచ కట్టి కూర్చుండిన పెద్దమనిషికి ఈ ప్రేమ కొంత నష్టము తెచ్చునదే. ఆ ఖద్దరుకు దూదిని వాలుగ చేప దవడతో ఏకుదురు గనుక ఆ వాసన పిల్లికి తగిలినదేమోయని వేడుకకు అనుకొనవచ్చును గాని, గోనెపట్టామీదను అది అంతే శ్రద్ధగా పిసుకును.

గురగుర శబ్దము సంగతి కొంత జాగ్రత్తగా చెప్పవలెను. ఊపిరి పీల్చునపుడును విడుచునపుడును తెంపులేక, సెకనుకు ఇంచుమించు 20 మొదలు 30 కంపనములతో వెలువడు ఈ ధ్వని సంతృప్తికి గుఱుతు అన్నది నిజమే. కాని గాయపడిన పిల్లియు, ఈనుచున్న పిల్లియు గురగురలాడును. మఱియు 2009లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయమువారు, ఆకలిగొన్న పిల్లి ఆ గురగురలో పసిబిడ్డ యేడుపును పోలిన సన్నని స్వరమును కలిపి వినిపించునని, పిల్లిని పెంచని వారికిని అది ఆతురపాటుగా వినబడునని చూపిరి. ‘మ్యావ్’ అనుట యింకను చిత్రము. ఎదిగిన పిల్లులు తమలో తాము ఆ కూత కూయుట మిక్కిలి తక్కువ; అది ముఖ్యముగా మన కొఱకు నిలుపుకొన్న మాట.

ఇక సామెతకెక్కిన ఆ కండ్లు. పాలు త్రాగు పిల్లి కండ్లు మూసికొనుట లోకము తన్ను చూడదను మూర్ఖత్వముచేతనో కపటముచేతనో అని మనము తరతరములుగా నవ్వుకొంటిమి. పిల్లుల లోకమున ఱెప్ప వాల్పక తేఱిపాఱ జూచుట బెదిరింపు. ఎదుట నొకడుండగా ఱెప్పలు మెల్లగా వాల్చుట, నీవలన నాకు భయము లేదని తెలుపుట. 2020లో ఆ ససెక్స్ పరిశోధకులే, యజమాని పిల్లివంక చూచి మెల్లగా ఱెప్పలు వాల్చి తెఱచినచో పిల్లియు అట్లే బదులు చెప్పుననియు, క్రొత్తవాడైనను అట్లు చేసి చేయి చాచినచో, నిర్వికారముగా ముఖము పెట్టినవానికన్న అతనికడకు పిల్లి ఎక్కువగా వచ్చుననియు కనుగొనిరి. అనగా మనము దొంగతనమునకు గుఱుతుగా చేసి సామెత కట్టిన చూపే, ఆ ప్రాణి మనకీయగల విశ్వాసమునకు గుఱుతు. ఈ పరీక్షకు డబ్బు ఖర్చు లేదు. పాఠకులు ఈ సాయంకాలమే అరుగుమీది పిల్లితో చేసి చూడవచ్చును. అది బదులు చెప్పకున్న చిన్నబుచ్చుకొనవలదు. దానికి వేఱు పని యుండవచ్చును.

పిలిచిన రాదను ఫిర్యాదునకును సమాధానము దొరకినది. జపానులో జరిగిన పరిశోధనలో పెంపుడు పిల్లులు తమ పేరును దానివంటి యితర శబ్దములనుండి వేఱుచేసి గుర్తించునని 2019లో తేలినది. చెవి త్రిప్పును, తల యెత్తును, కదలదు. విన్నదా యన్న విన్నది. వచ్చుట దాని యిష్టము. ఆ యేడాదియే అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున పిల్లికూనలను క్రొత్త గదిలో కొంతసేపు యజమానికి దూరముగా నుంచి, తిరిగి కలిపినపుడు వాని నడవడిని పరిశీలించిరి. నూటికి 64 కూనలు యజమాని రాగానే నెమ్మదించి, అతనిని ఆధారము చేసికొని గదిని వెదకసాగినవి. పసిబిడ్డలకును తల్లికిని గల బంధమును కొలుచుటకు వాడిన పరీక్ష యిది. బిడ్డలలో వచ్చిన లెక్కయు ఇంచుమించు ఇంతే.

తెల్లవారుజామున పిల్లి గడపమీద వదలిపోవు చచ్చిన యెలుక సంగతి చెప్పక ఈ విచారణ ముగియదు. ఇంటివారు చూచి ఛీకొట్టి, చీపురు తిరుగవేసి దానిని తఱుముదురు. తల్లిపిల్లి కూనలకు వేట నేర్పుటలో క్రమమున్నది: మొదట చంపినది తెచ్చి పెట్టును, పిదప కొనయూపిరితో నున్నది, తుదకు ప్రాణముతో నున్నది తెచ్చి విడుచును. మనలను వేట రాని కూనలుగా తలచి యిచ్చు కానుక యిదియని కొందఱును, నిర్భయమైన చోట తినవచ్చునని తెచ్చి, తీరా ఇంటి చేపముక్క దానికన్న రుచియని గుర్తువచ్చి విడిచినదని కొందఱును అందురు. రెండవదియే హెచ్చు సత్యమని నా యభిప్రాయము. కాని మా వైపు ఎండుచేపలమ్ము ఒక ముసలమ్మ తన పిల్లినిగూర్చి చెప్పిన మాట మొదటి పక్షమునకు నేను విన్నవానిలో ఉత్తమ వ్యాఖ్యానము: “నాను ముసిల్దాన్నయిపోనాను, ఎలకని పట్టనేనని దానికి బెంగ బాబూ, అందుకే తెచ్చి నా మంచంకాడ పడేత్తాది.” ఏ పక్షమైనను, నీ యిల్లు భద్రమైన చోటు అని పిల్లి నమ్మిన మాట నిజము. చీపురు దానికి బహుమానము కానేరదు.

ఈ ప్రేమకు హద్దులు గలవు, వానిని దాచి పొగడ్తలు కట్టుట నాకిష్టము లేదు. నీ యెదుట వెల్లకిల పడి కడుపు చూపుట నమ్మకమే గాని కడుపు నిమురుమను ఆహ్వానము కాదు; నిమిరినవానికి గోటిగాటు దక్కును. తోక విదలింప నారంభించి, చెవులు వెనుకకు వాల్చినదన్న చాలునని యర్థము. మితముగా, చెక్కిళ్ళను గడ్డమును నిమిరి, పిల్లి లేచిపోవునపుడు పోనిచ్చువానియొద్దకే అది మఱల వచ్చును. బలాత్కారపు ముద్దు పిల్లికి ముద్దు కాదు. ఈ మర్యాద మనుష్యులలోను కొందఱు నేర్వవలసియున్నది.

మన పూర్వులందఱును పిల్లి ప్రేమను ఎఱుగరనుకొనరాదు. శ్రీవైష్ణవులలో తెంగలై సంప్రదాయమువారు భగవంతుని నిర్హేతుకమైన కృపకు దృష్టాంతము వెదకి, కూనను నోట కఱచుకొని భద్రస్థలమునకు చేర్చు తల్లిపిల్లిని ఎంచుకొనిరి. తల్లిని తానే గట్టిగా పట్టుకొను కోతిపిల్ల వడగలైవారికి దృష్టాంతమైనది. మార్జాలకిశోర న్యాయమును చెప్పిన ఆ యాచార్యులు పిల్లిని నిజముగా కనులారా చూచినవారు. బకధ్యానపు పిల్లిని కల్పించినవారు దానిచేత పాలు పోగొట్టుకొన్నవారు కాబోలు.

ఈ చర్చ వేడుకకు కాదు. విశ్వాసము లేని జంతువని నమ్మితిమి గనుకనే, అటకమీద పిల్లలు ఎక్కువైనపుడు వానిని గోనెసంచిలో వేసి, మూతి బిగించి, రైలుకట్ట కవతలనో సంతచోటనో దులిపివచ్చుట మనకు పాపముగా తోచుటలేదు. ఎక్కడనైనను అది బ్రతుకునులే యని సమాధానము చెప్పుకొందుము. పెద్ద పిల్లి కొన్ని దినములకు బక్కచిక్కి తిరిగి వచ్చి అదే గడపమీద కూర్చుండుటయు మనమెఱుగుదుము. అప్పుడైనను విశ్వాసమను మాట మన నోట రాదు. కూనకు రెండవ వారము మొదలు ఏడవ వారము వఱకు మనుష్యుల చేతి స్పర్శ తగిలినచో అది జీవితాంతము మనుష్యులకు చేరువగును. ఆ కాలమున చీకటి యటకమీద విడిచి, పిమ్మట అడవిజంతువని నిందించుట న్యాయము కాదు. విశాఖపట్టణమున వేలు పోసి, మన యెండకు పనికిరాని బొచ్చుగల పర్షియన్ పిల్లిని కొని తెచ్చుకొనువారు, దొడ్డిలో పుట్టిన కూనను సంచిలో వేయుట చూచిన నాకు నవ్వు రాదు.

పిల్లి చూలైన తొమ్మిది వారములకే ఈనును, ఏటికి రెండు మూడు మార్లు ఈనగలదు. కావున సంతతి పెరుగుట నిజమైన చిక్కే. దానికి మందు సంచి కాదు, శస్త్రచికిత్స. రేబిస్ పిల్లివలనను వచ్చును గనుక ఆ టీకాయు వేయింపవలెను. కఱచినను గీఱినను గాయమును సబ్బుతో పావుగంట కడిగి వెంటనే వైద్యునికడకు పోవలెను. చీపురుపల్లికి ప్రక్క స్టేషనైన గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమువారి కళాశాల యున్నది. ఆవులను గేదెలను తోలుకొనిపోవుటకు సిగ్గుపడని మనము ఒక పిల్లిని బుట్టలో పెట్టుకొని పోవుటకు సిగ్గుపడనక్కఱలేదు. ఈ యేడు మీ యటకమీద కూనలు పుట్టినచో సంచికై వెదకకుడు. ఎనిమిది వారములు తల్లికడ నుండనిచ్చి, పిమ్మట తల్లిని గరివిడికి కొనిపోవుడని చీపురుపల్లి వాసులకు నా విన్నపము.