ఉబుంటు, మింట్, బాస్... పేర్లు వేరైనా సరుకు ఒకచోటి నుంచే ఎందుకు వస్తోంది?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ఇంట్లోనో, పిల్లల బడిలోనో, మీరు పని మీద వెళ్లే ఆఫీసులోనో విండోస్ 11కు సరిపోని పాత కంప్యూటర్ ఉంటే ప్రధానంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, కొత్తది కొనడం. రెండోది, ఉన్నదాంట్లోనే ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోవడం.

రెండో దారి గురించి చెప్పగానే చాలామందికి వచ్చే అనుమానం ఒకటే. ఉచితం సరే, రేపు ఏదైనా లోపం బయటపడితే సరిచేసేది ఎవరు? దీనికి సమాధానం 'ప్యాకేజీ' అనే మాటలో ఉంది.

అసలు ప్యాకేజీ అంటే ఏంటి?

గుంటూరు, చిలకలూరిపేట వైపు వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చేలో తీసిన పత్తిని నేరుగా నూలు వడకరు. ముందు జిన్నింగ్ మిల్లులో గింజ తీసి, దూదిని బేళ్లుగా కట్టాలి. స్పిన్నింగ్ మిల్లు ఆ బేలు కొంటుంది.

సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ప్రోగ్రామర్లు రాసిన సోర్స్ కోడ్ పచ్చి పత్తి లాంటిది. దాన్ని మీ కంప్యూటర్‌లో నడిచేలా తయారుచేసి, దానికి ఇంకా ఏమేం కావాలో రాసిపెట్టి, సంతకం చేసి సిద్ధం చేసిన బేలే ప్యాకేజీ. కొత్త వెర్షన్ వచ్చినా, లోపం బయటపడినా ఈ పని మళ్లీ చేయాలి. ఏళ్ల తరబడి చేస్తూనే ఉండాలి.

ఈ పని ఎవరు చేస్తున్నారు?

1993లో మొదలైన డెబియన్ ఈ రంగంలో పెద్ద జిన్నింగ్ మిల్లు. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13లో 69 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. ప్రపంచవ్యాప్తంగా ఉన్న వాలంటీర్లు వీటిని చూసుకుంటున్నారు.

2004లో వచ్చిన ఉబుంటు ఈ పనంతా మళ్లీ మొదటి నుంచి చేయదు. ఆరు నెలలకోసారి వచ్చే ప్రతి విడుదలకూ డెబియన్ ప్యాకేజీలను తెచ్చుకుంటుంది. తాను మార్చనివాటిని ఉన్నవి ఉన్నట్టు తీసుకుంటుంది. మార్చినవాటిలో తన మార్పులను కొత్త వెర్షన్‌తో కలుపుకుంటుంది. లినక్స్ మింట్ ఉబుంటు మీద నిలబడుతుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో వాడే కైట్ లినక్స్‌కూ ఉబుంటే ఆధారం. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డ్యాక్ తయారుచేసిన, తెలుగులోనూ పనిచేసే 'బాస్' నేరుగా డెబియన్ మీదే ఆధారపడింది.

ఇంత చిన్న బృందాలు ఇన్ని వేల ప్యాకేజీలతో సిస్టమ్ ఎలా ఇవ్వగలుగుతున్నాయంటే కారణం ఇదే. అవి తమ శ్రమను తమకు ప్రత్యేకమైన కొద్ది భాగం మీదే పెడుతున్నాయి.

మన తెలుగుకు ఇందులో ఏముంది?

పోతన, వేమన ఫాంట్లు మీకు తెలిసే ఉంటాయి. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు వీటిని రూపొందించి ఉచితంగా ఇచ్చారు. డెబియన్‌లో ఈ రెండూ ఒకే ప్యాకేజీగా ఉన్నాయి. అక్కడ ఒకసారి చేరిన ఫాంటు ఉబుంటుకు, దాని నుంచి పుట్టిన వాటికి కూడా చేరుతుంది. ఎవరూ మళ్లీ కూర్చుని కట్టాల్సిన పని లేదు.

ఫెడోరా కుటుంబం సంగతి వేరు. అక్కడి ప్యాకేజీ పద్ధతే వేరు కాబట్టి ఇవే ఫాంట్లను మళ్లీ విడిగా కట్టాల్సి వచ్చింది. పంచుకోవడం కుటుంబం లోపల సులువు, కుటుంబాల మధ్య కష్టం అనడానికి ఇదో ఉదాహరణ.

మరి తప్పులు కూడా పంచుకున్నట్టేనా?

అవును. 2006లో డెబియన్ తన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో ఒక మార్పు చేసింది. ఒక పరీక్షా సాధనం ఇస్తున్న హెచ్చరికను ఆపడానికి చేసిన మార్పది. దానివల్ల రహస్య తాళాలు తయారుచేసేటప్పుడు ఉండాల్సిన యాదృచ్ఛికత దాదాపు పోయింది. కోటానుకోట్ల రకాలుగా రావాల్సిన తాళాలు, ఒక్కో రకంలో సుమారు 32 వేలకే పరిమితమయ్యాయి. అంటే వాటన్నిటినీ వరుసగా ప్రయత్నించి తెరవొచ్చు.

ఇది 2008 మే 13న బయటపడింది. అప్పటికే అదే ప్యాకేజీ ఉబుంటుకూ చేరిపోయింది. విడిగా ప్యాకేజీ కట్టుకున్న రెడ్‌హ్యాట్‌లో ఆ మార్పు లేదు.

ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఆ మార్పు డెబియన్ దగ్గరే ఉండిపోయింది, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అసలు కోడ్‌లో చేరలేదు. మార్పును మూలం దగ్గరకు పంపి, కోడ్ రాసినవాళ్లు పరిశీలించాకే వాడుకోవడం ఎందుకు ముఖ్యమో దీంతో తెలిసింది. సరిదిద్దడం మాత్రం పంచుకోవడం వల్లే వేగంగా జరిగింది. డెబియన్, ఉబుంటు ఒకే రోజు హెచ్చరికలు ఇచ్చాయి.

అయితే ప్రభుత్వ ఆఫీసులు, బడులు ఏం అడగాలి?

ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్ వాడకాన్ని ప్రోత్సహిస్తూ కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. కాబట్టి సమస్య అనుమతి కాదు. 'సొంత ఆపరేటింగ్ సిస్టమ్' అన్న మాట విన్నప్పుడల్లా మీరు ఈ మూడు ప్రశ్నలు వేయండి.

ఒకటి: ఇది డెబియన్, ఉబుంటుల్లో ఏ వెర్షన్ మీద ఉంది, ఆ వెర్షన్‌కు సపోర్ట్ ఎప్పటిదాకా? ఉబుంటు ఎల్‌టీఎస్‌కు 5 ఏళ్లు ఉచితంగా ఉంటుంది. ఆ గడువు దాటితే పైపై పేరు ఎంత కొత్తదైనా లోపల సరుకు పాతదే.

రెండు: మూలంలో లోపం సరిచేసిన రోజు నుంచి మన కంప్యూటర్‌కు ఆ అప్‌డేట్ చేరడానికి ఎన్ని రోజులు పడుతుంది? మధ్యలో మళ్లీ ప్యాకేజీ కట్టే ప్రతి చేయీ ఆలస్యాన్ని పెంచగలదు. రైతుల, విద్యార్థుల వివరాలుండే మెషీన్లకు ఆ రోజులే ప్రమాదం.

మూడు: ఇక్కడ చేసిన మార్పులను తిరిగి మూలానికి పంపుతున్నారా? పంపకపోతే ప్రతి కొత్త వెర్షన్‌కూ అదే పని మళ్లీ చేయాలి. ఆ బృందం చెదిరిపోయిన రోజు సిస్టమ్ కూడా ఆగిపోతుంది. పంపితే మాత్రం, మన దగ్గర సరిచేసిన ఒక తెలుగు అక్షర దోషం అన్నిచోట్లా సరవుతుంది. బృందం లేకపోయినా ఆ పని నిలుస్తుంది.

ఉచితమా, కాదా అన్నది ఈ విషయంలో రెండో ప్రశ్నే. దాని వెనక ఎవరు, ఎన్నాళ్లు పనిచేస్తారన్నదే మొదటిది.