ఇద్దరికో లాప్‌టాప్ చాలు, కానీ...

కిందటేడు దసరా సెలవులకి ముందు ఓ నాలుగు రోజులు మా ఊరెళ్ళాను. చదువుకున్న హైస్కూలుకి మా బ్యాచ్ వాళ్ళం తలా కాస్తా వేసుకుని పది పాత లాప్‌టాపులు సమకూర్చాం. అవి అప్పజెప్పి, తొమ్మిదో తరగతి పిల్లలకి స్ప్రెడ్‌షీట్లు నేర్పుదామని నా ఉబలాటం. పిల్లలు నలభై మంది. అంటే ఒక్కోదానికి నలుగురు.

మొదటిరోజు బ్రహ్మాండంగా జరిగిందని భుజాలు చరుచుకుంటుంటే లెక్కల మాస్టారు మెల్లగా అడిగారు: "బాబూ, ఆ మూడో బల్ల చివర కూచున్న అమ్మాయి మౌసు ఎన్నిసార్లు పట్టుకుందో చూశావా?"

చూడలేదు. పిలిచి అడిగితే, "వాళ్ళు చేస్తుంటే చూశాను సార్" అంది. గంటసేపట్లో ఒక్కసారీ ముట్టుకోలేదు! నేను నేర్పింది నలభై మందికి కాదు, చొరవున్న పదిమందికి.

ఇదేం కొత్త సంగతి కాదు. 2000ల మధ్యలో బెంగుళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ళు పల్లెటూరి బళ్ళలో ఇదే గమనించి, ఒకే కంప్యూటరుకి చాలా మౌసులు తగిలించి, తెరమీద ఒక్కొక్కరికి ఒక్కో కర్సరిచ్చారు. ఎవరు ముందు నొక్కితే వాళ్ళదే చెల్లుబాటు అంటే, పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, ఆలోచన మానేసి టకటకా నొక్కేశారట. అందరూ ఒప్పుకుంటేనే ముందుకెళ్ళేలా పెడితే చక్కగా నేర్చుకున్నారట. యంత్రం అదే, మారింది నియమం.

పోనీ మనిషికొకటి ఇచ్చేస్తే? 2005లో నెగ్రొపాంటే వంద డాలర్ల లాప్‌టాప్ అన్నప్పుడు నాలాంటివాళ్ళం తెగ సంబరపడ్డాం. పెరూ దేశం లక్షల్లో కొని బళ్ళకిచ్చింది. 2012లో వచ్చిన ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు అధ్యయనంలో లెక్కల్లోగానీ భాషలోగానీ మార్కులు పెరిగిన దాఖలా కనబడలేదు.

మా వృత్తిలో పెయిర్ ప్రోగ్రామింగ్ అని ఒకటుంది. ఒకరు టైపు చేస్తుంటే రెండోవాళ్ళు పక్కన కూచుని తప్పులు పడతారు, కాసేపటికి చోట్లు మార్చుకుంటారు. పక్కవాడికి వివరించబోతూ నా తప్పు నేనే పట్టుకున్న సందర్భాలు బోలెడు. రెండోరోజు అదే పెట్టాను. నలుగురిలో ఇద్దరు లాప్‌టాప్ దగ్గర, ఇద్దరు కాగితం మీద. పది నిమిషాలకోసారి గంట, చోట్లు మార్పు. మౌసు పట్టుకున్నవాళ్ళు సొంత తెలివి వాడకూడదు, పక్కవాళ్ళు చెప్పిందే చెయ్యాలి. క్లాసంతా ఒకటే గోల! నాలుగోరోజుకి ఆ అమ్మాయి పక్కవాడితో "కాదురా, ముందు బ్రాకెట్టు పెట్టు" అని దెబ్బలాడుతోంది.

నాలుగు రోజుల అనుభవంతో సిద్ధాంతాలు చెయ్యకూడదని తెలుసు. పంచుకోవడమన్నది కొనకుండా ఉండటానికి సాకూ కాకూడదు. టైపింగు చేతికి అలవాటవ్వాలంటే, ఇంటిదగ్గర చదువుకోవాలంటే ఎవరిది వాళ్ళకి ఉండాల్సిందే. నేననేదల్లా, ఎన్ని ఇచ్చామన్న లెక్కతోపాటు ఎవరి చెయ్యి పడిందన్న లెక్క కూడా చూడమని. మొదటిదానికి డబ్బు కావాలి, రెండోదానికి ఒక మాస్టారు కావాలి.

మొన్న మాస్టారికి ఫోన్ చేశాను. "రెండు మొరాయించాయి బాబూ. గంట మాత్రం కొడుతూనే ఉన్నాం" అన్నారు. ఆ రెండూ బాగుచెయ్యడానికి వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాను. ఈసారి ముందు చివరి బెంచీల దగ్గరికి.