సంచుల కాపలా

ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. రైల్వే ప్లాట్‌ఫాం మీద మిగతావాళ్ళు టీలకీ పత్రికలకీ వెళ్తే పెట్టెల మధ్య నిలబడేవాళ్ళు. విశాఖ బీచిలో అందరూ అలల్లోకి పరుగెత్తితే ఒడ్డున చెప్పులు, వాచీలు, కళ్ళజోళ్ళు ముందేసుకుని కూర్చునేవాళ్ళు. ఫొటోల్లో వీళ్ళు పడరు. మహా అయితే ఓ మూల సంచీ పడుతుంది, దాని పక్కన కాస్త చీరకొంగు. మా ఇంటి ఆల్బమ్‌లో ఆ కొంగు నాది.

ఈ ఉద్యోగం నాకు నుమాయిష్‌లో ఖాయమైంది. హైదరాబాద్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, జనవరి ఒకటి వచ్చిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి ఒకసారి వెళ్ళి రావాల్సిందే. కశ్మీరీ శాలువాలు బేరం ఆడాలి, కొనకుండా రావాలి, మిర్చి బజ్జీలు తినాలి, ఆఖర్న జెయింట్ వీల్ దగ్గరికి చేరాలి. మావాడికి ఎనిమిదేళ్ళప్పుడు అక్కడ నా చెయ్యి పట్టుకుని గుంజాడు. ‘‘అమ్మా, నువ్వూ రా.’’

‘‘నాకు భయం నాన్నా. మీరెళ్ళండి, నేను సామాన్లు చూస్తుంటాను’’ అన్నాను.

భయం కాదు. నాలుగో టికెట్ మానేస్తే ఇంటికెళ్ళే ఆటోకి కొంత కలిసొస్తుందని లెక్క. ఆ లెక్క పిల్లాడికి చెప్పలేం కదా. మరుసటేడు మళ్ళీ అడిగాడు. ఆ పై ఏడు అడగలేదు. చెల్లెలు అడగబోతే ‘‘అమ్మకి భయమే’’ అని వాడే చెప్పేశాడు. ఇరవయ్యేళ్ళు ఇంట్లో అందరూ అదే మాట అంటూ ఉంటే చివరికి నేనూ నమ్మాను. అపార్ట్‌మెంట్ లిఫ్ట్ కాస్త కుదిపినా గోడ పట్టుకునేదాన్ని.

2018 జూన్‌లో మావాడి దగ్గరికి అమెరికా వెళ్ళాం. వాళ్ళుండేది లాస్ ఏంజెలెస్ పక్కన. వెళ్ళిన రెండో వారమే అనహైమ్‌లోని డిస్నీలాండ్‌కి ప్రయాణం కట్టారు. కొడుకు, కోడలు, తొమ్మిదేళ్ళ మనవరాలు, నాలుగేళ్ళ మనవడు, మేమిద్దరం. టికెట్ ఎంతో నాన్నకి చెప్పొద్దని మావాడు నాతో ముందే ఒట్టు వేయించుకున్నాడు. మా వారు బ్యాంకులో రిటైరయ్యారు. నన్ను అడగలేదు, గేటు దగ్గర బోర్డు చూసి రూపాయల్లోకి గుణించేశారు. గుణించి, మంచినీళ్ళ సీసా అడిగి తాగారు. ‘‘పెద్దవాళ్ళకి తగ్గింపు లేదట్రా?’’ అన్నారు. లేదట. అప్పటికి మన రైళ్ళలో ఉండేది, ఆ అలవాటు. మూడేళ్ళలోపు పిల్లలకి ఊరికే అని తెలిశాక మనవడి వంక ఎంత నిరాశగా చూశారో!

బయటి తిండి తీసుకెళ్ళొచ్చు, గాజు సీసాలు మాత్రం కుదరవు. అందుకని కోడలు ఆవకాయని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చింది. తనిఖీ చేసే అబ్బాయి పులిహోర డబ్బా మూత తీసి, ఓసారి వాసన చూసి, నవ్వి పోనిచ్చాడు. మొత్తం ఆరు సంచులు. లెక్క నాది.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఏం జరిగిందో మీరు ఊహించగలరు. గాల్లో తిరిగే బుల్లి ఏనుగు బొమ్మలెక్కడానికి వాళ్ళు వరసలో నిలబడితే నేను బెంచీ మీద. సముద్రపు దొంగల పడవలకి వాళ్ళెళ్తే నేను ఇంకో బెంచీ మీద. పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలు ఒక్కటే నేనెక్కాను, అదీ సంచులతో సహా. అంత శుభ్రమైన బెంచీలు నేనెక్కడా చూడలేదన్నది మాత్రం ఒప్పుకోవాలి.

ఎండ ముదిరింది. నీడకి ఎక్కడైనా కూర్చుందామని మా వారు గొడవ పెడితే ప్రవేశద్వారం దగ్గరున్న ఆపెరా హౌస్‌లోకి వెళ్ళాం. లోపల చల్లగా ఉంది. అబ్రహాం లింకన్ బొమ్మ లేచి నిలబడి ఉపన్యాసం ఇస్తుందట. మా వారికి ఉపన్యాసమంటే ప్రాణం, ముందు వరసలో కూర్చోవాలని వెళ్ళిపోయారు. నేను బయట హాల్లోనే ఉండిపోయాను. అక్కడొక పాత బెంచీ ఉంది. కూర్చోడానికి కాదు, చూడ్డానికి పెట్టారు. పార్కు బెంచీని ఇంత పదిలంగా దాచుకోవడమేమిటని మావాణ్ణి అడిగితే పక్కన రాసున్నది చదివి చెప్పాడు.

వాల్ట్ డిస్నీకి ఇద్దరు కూతుళ్ళు. వాళ్ళ చిన్నప్పుడు లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళేవాడట. పిల్లలు రంగులరాట్నం ఎక్కితే ఆయన బెంచీ మీద కూర్చుని వేరుసెనక్కాయలు తింటూ చూసేవాడట. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దవాళ్ళు ఇలా ఊరికే కూర్చోవడమేమిటి, ఇద్దరూ కలిసి ఆడుకునే చోటు ఒకటుండాలి కదా అని ఆయనకి అక్కడే తోచిందట. ఆ బెంచీ ఇదే. ఆ తరవాత అనహైమ్‌లో నారింజ తోటలున్న 160 ఎకరాలు కొని, ఏడాదిలో కట్టించి, 1955 జులై 17న ఈ పార్కు తెరిచాడు.

నేను ఆ బెంచీ వంక కాసేపు చూస్తూ నిలబడ్డాను. ఆయన కొన్ని ఆదివారాలు కూర్చుంటేనే ఇంత ఆలోచన వచ్చింది. నేను నలభై ఏళ్ళుగా కూర్చుంటున్నాను, సంచులు ఆరా, ఐదా అని తప్ప ఇంకో ఆలోచన రాలేదు!

‘‘అత్తయ్యా, పొద్దుటినుంచీ మీరేం ఎక్కారు?’’ అంది కోడలు ఉన్నట్టుండి.

‘‘రైలు.’’

‘‘రైలు కాక?’’

‘‘అమ్మకి భయం’’ అన్నాడు మావాడు. ఎనిమిదేళ్ళప్పుడు అన్న గొంతుతోనే అన్నాడు. అలవాటుగా, ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండా.

‘‘భయమేం కాదు’’ అన్నాను. ‘‘నాలుగో టికెట్ దండగని.’’

వాడికి వెంటనే అర్థం కాలేదు. కాసేపటికి అయింది. ఏమీ అనలేదు. నా చేతిలో సంచీ తీసుకుని భుజానికి తగిలించుకున్నాడు. లింకన్ గారి ఉపన్యాసం అయి అందరం బయటికి రాగానే, అల్లంత దూరాన తలమీద మంచుతో కనబడుతున్న కొండవైపు నడిపించాడు.

అది మ్యాటర్‌హార్న్. స్విట్జర్లాండ్‌లో ఆ పేరుతో ఉన్న అసలు కొండకి నూరోవంతు బొమ్మ, 147 అడుగులు. 1959లో కట్టారు. ఉక్కు గొట్టాల పట్టాల మీద పరుగెత్తే రోలర్ కోస్టర్ ప్రపంచంలో ఇదే మొదటిదట. వరస మొదట్లో బోర్డుంది. 42 అంగుళాల ఎత్తు లేనివాళ్ళు ఎక్కకూడదు. రక్తపోటు, గుండెజబ్బు, నడుంనొప్పి ఉన్నవాళ్ళు ఎక్కకూడదు. మనవడు బోర్డు పక్కన మునివేళ్ళ మీద నిలబడినా చాల్లేదు, ఒకటే ఏడుపు. మా వారికి ఎత్తు సరిపోయింది గానీ కింద రాసినవాటిలో రెండున్నాయి. నాకు అరవై ఒకటి నిండినా ఏదీ లేదు.

అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. ‘‘ఏమండీ, సంచులు’’ అన్నాను.

ఆ వరసలో ముప్పావు గంట నిలబడ్డాం. మూడుసార్లు వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. కోడలు నా చున్నీ తీసి తన బ్యాగులో పెట్టుకుంది. బండిలో ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి, కాళ్ళు బారచాపి, పడవలో పడుకున్నట్టు. నా ముందు మనవరాలు, వెనక మావాడు. మంగళసూత్రం గుప్పిట్లో పట్టుకున్నాను. బండి కొండలోపల చీకట్లో టకటకమంటూ పైకెక్కుతుంటే, ఈ చప్పుడు మన ఊళ్ళో పిండిమర చప్పుడులా ఉందే అనుకున్నాను. తరవాత ఇంకేమీ అనుకోలేదు. అనుకునే వ్యవధి లేదు. ఒక మలుపులో ఎర్రటి కళ్ళతో మంచుమనిషి మీదికొచ్చి గాండ్రించాడు. నేను ‘‘అమ్మా!’’ అని అరిచాను. మా అమ్మ పోయి పదిహేనేళ్ళయింది. వెనకనుంచి మావాడూ ‘‘అమ్మా!’’ అని అరిచాడు. వాడు పిలిచింది నన్నో, ఊరికే అరిచాడో నేను అడగలేదు. చివర్లో బండి నీళ్ళలోకి దిగి మొహం మీద చల్లగా జల్లు పడింది. దిగి నిలబడితే మోకాళ్ళు వణుకుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. మనవరాలు నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

బెంచీ దగ్గరికొచ్చాం. మా వారు నేను కూర్చున్నట్టే కూర్చున్నారు. రెండు సంచుల పట్టీలు చేతికి చుట్టుకుని, ఒకటి ఒళ్ళో, రెండు కాళ్ళ మధ్య. మనవడు ఏడ్చి ఏడ్చి ఆయన భుజం మీదే నిద్రపోయాడు. వాడు లేస్తాడని జారిపోతున్న కళ్ళజోడు కూడా సర్దుకోలేదు పాపం.

‘‘ఎంతసేపైంది?’’ అన్నారు.

‘‘గంట కూడా కాలేదండీ.’’

‘‘నాకు మూడు గంటల్లా ఉంది’’ అన్నారు. తరవాత గొంతు తగ్గించి, ‘‘ఒక సంచీ కనబడటం లేదోయ్. నాలుగుసార్లు లెక్కపెట్టాను, ఐదే ఉన్నాయి’’ అన్నారు.

ఇంతలో మనవరాలు నా చెయ్యి పట్టుకుని గుంజింది. ‘‘నానమ్మా, అదిగో టీ కప్పులు! గిర్రున తిరుగుతాయి, రా!’’

ఆరోది మీ వీపున తగిలించుకున్నారండీ అని చెప్పి, దానితో వెళ్ళాను.