మందు మానేస్తే తప్పు మనవాళ్లదేనా?



"ఏజెన్సీ వాళ్లు మానసిక జబ్బుకి మందులు వాడరు, దిసారి దగ్గరకే పోతారు." ఈ మాట ఇంకెన్నాళ్లు వినాలి మనం? మొదలుపెట్టిన మందు మధ్యలో ఎందుకు మానేస్తున్నారో ఒక్కరైనా అడిగారా?

లేని గొంతులు వినిపించడం, అందరూ తనకి కీడు తలపెడుతున్నారన్న భయం... వీటిని హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ లాంటి మందులు తగ్గిస్తాయి. ఆ మేలు మేం కాదనడం లేదు. కానీ హాలోపెరిడాల్‌తో మెడ పక్కకి లాగేయొచ్చు, చేతులు వణకొచ్చు, ఒళ్లు బిగుసుకుపోవచ్చు. ఒలాంజపిన్‌తో బరువు, షుగర్ పెరగొచ్చు. ముందే చెప్పకపోతే, మెడ వంకరపోయిన కుర్రాణ్ణి చూసి ఇంట్లోవాళ్లు దయ్యం ముదిరిందనుకోరా? మెడ పట్టేస్తే విరుగుడు ఇంజక్షన్ ఉంది. డాక్టరు మోతాదు తగ్గించొచ్చు, మందు మార్చొచ్చు. ఈ ముక్క కోయలోనో, కువిలోనో, సవరలోనో చెప్పే మనిషేడి?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ చదవండి. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలుకుని పైస్థాయి సర్కారు ఆసుపత్రుల దాకా ఎప్పుడూ ఉచితంగా దొరకాలి. మరి నెల మాత్రల కోసం కూలి పోగొట్టుకుని, కొండ దిగి విశాఖ దాకా ఎందుకు పోవాలి?

మా డిమాండ్లు మూడే: దగ్గరి ఆసుపత్రిలో మందు, మన భాషలో మాట, బరువుకీ షుగర్‌కీ క్రమం తప్పని పరీక్ష.

ఈలోగా మీ ఊళ్లో ఎవరికైనా మందు పడకపోతే ఒక్కసారిగా ఆపనివ్వకండి, జబ్బు తిరగబెడుతుంది. డాక్టర్ని అడగండి, లేదా టెలిమానస్ 14416కి ఫోన్ చేయించండి. మూఢనమ్మకం అని మనల్ని వేలెత్తి చూపేవాళ్లని ఈ మూడూ అడగండి.

జై ఆదివాసీ!