లేతు అరిగిన, పనివాని పేరు చెడును

ఎడ్లబండి తోలినవానికి కందెన సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఆముదములో గడ్డిమసి కలిపి, వెదురుగొట్టమున నింపి, బండి క్రింద వ్రేలాడదీసుకొని తిరిగిన దినములలో ఇరుసు ఎండినచో బండియే కీచుమని అరచి తన బాధ చెప్పుకొనెడిది. లేతు యంత్రమునకు ఆ నోరు లేదు. అది చడీచప్పుడు లేక అరుగును. అరిగిన సంగతి మొదట తెలియునది దాని యజమానికి కాదు, దానిపై తయారైన వస్తువును కొనిపోయినవానికి.

నూజివీడు మామిడితోటల నడుమనున్న ఆగిరిపల్లి శోభనాచలస్వామి కొండకును, రథసప్తమి ఉత్సవములకును పేరుపడిన ఊరు. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు కృష్ణాజిల్లా వీడి ఏలూరు జిల్లాలో చేరినది. తోటలకు నీరు పెట్టు పంపులు, ట్రాక్టర్లు, ట్రక్కులు ఉన్నచోట లేతు షెడ్డు ఉండక తప్పదు. ఇట్టి ఊళ్ల షెడ్లలో కొత్త యంత్రము అరుదు. ఎప్పుడో బటాలాలో పోతపోసినదో, పట్నపు కార్ఖానాలో రెండు తరములు పనిచేసి మూడవ చేతికి వచ్చినదో అక్కడ నిలిచియుండును. రంగు కొత్తది, ఒళ్లు పాతది.

ఆ అరుగుదల ఒకరీతిగా ఉండదు. పల్లెలో వచ్చు పనులలో ఎక్కువభాగము పొట్టివి. బుష్‌లు, పిన్నులు, చిన్న షాఫ్టులు. అందుచే టూలును మోయు శాడిలు ఎల్లప్పుడును చక్‌కు దగ్గరనే ముందువెనుకలు నడచును. బెడ్డు అక్కడ గుంటపడును. ఆ కొసన, టెయిల్‌స్టాకు క్రింద, ఏండ్లు గడచినను మొదటి చెక్కడపు జాడలు అట్లే నిలిచియుండును. గుంటలోనికి దిగిన శాడిలు కొంచెము క్రిందికి వాలి, కొంచెము వెనుకకు జరుగును. టూలు ఒక వెంట్రుకవాసి వెనుకకు జరిగిన, కడ్డీ వ్యాసమున తేడా రెండు వెంట్రుకవాసులగును. షాఫ్టు ఒక కొస లావు, ఒక కొస సన్నము.

దీనికి శిక్ష అనుభవించువాడు రైతు. పిందె నిలుచు మాఘ ఫాల్గుణములలో పంపు ఆగినది. అరిగిన షాఫ్టుకు వెల్డింగు పెట్టించి లేతుపై తీయించి, కొత్త గన్‌మెటల్ బుష్ వేయించినాడు. షాఫ్టు నిండుగా గుండ్రముగానే కనిపించుచున్నది. కాని బుష్‌లో అది ఆనునది ఒక అంచుననే. బరువంతయు ఆ అంచుపై పడి, నూనెపొర తెగి, బుష్ వేడెక్కి, కొత్తదన్నమాటే గాని మామిడికాయ కోతకు రాకముందే కొట్టుకొనిపోవును. ఆ విధముగా లేతు బెడ్డులోని గుంట పంపులోనికి ప్రాకును. అరుగుదల అంటువ్యాధి వంటిదనుట అతిశయోక్తి కాదు.

నింద మాత్రము యంత్రముపై పడదు. "వానికి పని రాదు" అను మాట మేస్త్రీపై పడును. ఇది అన్యాయము. అంతకంటె పెద్ద అన్యాయము పని నేర్చుకొను కుర్రవానికి జరుగుచున్నది. తాను సరిగా తీసినను కొలత సరిగా రాని యంత్రముపై నేర్చినవాడు ఏమి నేర్చును? లావైన చోట ఆకురాయి పెట్టుట, ఎమెరీ గుడ్డతో మెరుగుపెట్టి లోపము దాచుట, కొలిచి చూచుటకు బదులు "సరిపోవునులే" అనుట. పదేండ్ల తరువాత వానికి మంచి యంత్రము దొరికినను ఆ చేయి మారదు.

షెడ్లలో సాధారణముగా చేయు వైద్యములు రెండు. శాడిలు ప్రక్క పట్టీని బిగించుట మొదటిది. బిగువు అరిగిన చోట సరిపోయిన, అరగని చోట శాడిలు కదలదు. అక్కడ కదలునట్లు సడలించిన, ఇక్కడ గలగలలాడును. రెండవది మరింత ప్రమాదము: శాడిలు క్రింద వాల్వుపేస్టు పూసి ముందువెనుకలు లాగి "కూర్చోబెట్టుట". ఆ గరుకుపొడి పోతఇనుపు సందులలో దిగబడి, ఎంత కడిగినను వదలక, లోపలినుండి ఏండ్ల తరబడి ఆకురాయి పని చేయుచుండును. ఇది కొత్తగా కనుగొన్న సత్యము కాదు. ఇంగ్లండు యంత్రశిల్పి జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభయెదుట చదివిన పత్రములో, చదునైన తలము కావలెనన్న పొడివేసి రుద్దుట మానుడని, చేతితో గీకి దిద్దుటయే మార్గమని వాదించెను. మూడు పలకలను ఒకదానితో నొకటి మార్చిమార్చి సరిచూచిన మూడును చదునగునను పద్ధతి ఆయన పేరిట నిలిచినది. రెండు పలకలైన, ఒకటి గుంట ఒకటి గుబ్బయై ఒకదానినొకటి మోసగించుకొనవచ్చును. మూడవది వచ్చిన ఆ మోసము సాగదు.

ఆ పని చూడ సులభము, చేయ కష్టము. మొదట యంత్రమును రసమట్టముతో సరిగా నిలుపవలెను. కాళ్లు ఎగుడుదిగుడైన బెడ్డు మెలితిరుగును, ఆ మెలికను అరుగుదలయని భ్రమించి గీకినవాడు మంచిదానిని పాడుచేయును. పిదప సరళపట్టీకి నీలిరంగు పలుచగా పూసి బెడ్డుపై జరుపవలెను. ఎత్తైన చోట్ల నీలము అంటును. ఆ చుక్కలను మాత్రమే స్క్రేపరుతో గీకవలెను. ఒక గీతకు లేచు ఇనుము మిల్లీమీటరులో నూరవ వంతు కూడ ఉండదు. తుడిచి, మరల పూసి, దిశ మార్చి మరల గీకవలెను. ఇట్లు పదులసార్లు. చుక్కలు మొదట నాలుగైదు, పిదప విస్తరించి చదరపు అంగుళమునకు 10, 12 అగునప్పటికి లేతుకు చాలును. మెరుగుటద్దమువలె నున్నగా చేయనక్కరలేదు, చేయరాదు కూడ. చుక్కల మధ్య మిగిలిన సన్నని పల్లములలోనే నూనె నిలుచును. ఎండ కూడ ఇందు పగవాడే. రేకుల షెడ్డులో మధ్యాహ్నపు ఎండ ఒక ప్రక్క తగిలిన పొడుగుపట్టీ వంగును, చేతివేడికే వంగును. తెలవారుజామున చేయు పని ఇది.

నూజివీడు వీణల ఊరు కూడ. తీగె రాపిడికి మెట్లు గాడిపడిన, మైనము కరగించి మెట్లను మరల నిలుపుట, చెవితో సరిచూచుట ఎంత ఓర్పుగల పనియో ఆ ప్రాంతమువారికి తెలియును. వీణకు మేళము కట్టినవానిని విద్వాంసుడు ఆదరించును. లేతుకు మేళము కట్టువానికి ఆ ఆదరము ఏది?

ఒకప్పుడు ఉండెడిది. 1943లో సికింద్రాబాదున పుట్టిన ప్రాగా టూల్సు, 1953లో బెంగుళూరున పుట్టిన హెచ్.ఎం.టి. వంటి కార్ఖానాలలో స్క్రేపింగు చేతికి విలువ ఉండెడిది. ఆ తరము ఇల్లు చేరినది. ఐ.టి.ఐ. ఫిట్టరు పాఠములలో స్క్రేపింగు నేటికిని కలదు. కాని అరచేయియంత ఇనుపముక్కపై ఒకసారి గీకి మార్కులు వేయించుకొనుటతో అది ముగియును. ఆరడుగుల బెడ్డు ఎక్కడ గీకించుదురు? అక్కడనే ఆ విద్య యుండవలెను. మంచి సరళపట్టీ ఒక షెడ్డువాడు కొనలేడు, కొనినను పదేండ్లకొకసారి కాని పనికిరాదు. ఊరిచెరువువలె అది ఉమ్మడి సొత్తు కాదగినది. పాలిటెక్నిక్కో ఐ.టి.ఐ.యో దానిని కొని, చుట్టుప్రక్కల లేతులను ఒక్కొక్కటిగా విద్యార్థులచేత గీకించిన, కుర్రవారికి నిజమైన పని దొరకును, షెడ్డువానికి యంత్రము దక్కును.

ప్రతి పాత యంత్రమును బ్రదికించుమనుట కాదు. హెడ్‌స్టాకు పగిలినదియు, బెడ్డు కంటికే కనబడునంత గుంటపడినదియు ఇనుపకొట్టుకు పోవలసినవే. గుంట లోతైనకొలది గీకుడు పెరిగి, శాడిలు దిగిపోయి, లీడ్‌స్క్రూతో పొంతన చెడును. అప్పుడు శాడిలు క్రింద టర్సైట్ పట్టీ అంటించి మరల పైకెత్తవలెను. అది ఖర్చు, అదియు కుదరనిచో గ్రైండింగు కార్ఖానాకు మోయవలెను. ఏది తగునో చెప్పవలసినది కొలత. అమ్మజూపు దళారి మాట కాదు, పాతదానిపై మమకారము కూడ కాదు.

యజమాని చెప్పు అభ్యంతరము ఒకటే: "వారము రోజులు లేతు ఆపిన తిండి ఎట్లు?" న్యాయమైన ప్రశ్న. కాని మామిడి సీజను ముగిసి వానలు పడిన పిదప పంపుపనులు తగ్గు దినములు కొన్ని ఉండును. విప్పుటకు అదే సమయము. అంతవరకు చేయదగినది ఒకటున్నది, దానికి పైసా ఖర్చు లేదు. అనేక షెడ్లలో టూలు పదునుపెట్టు రాయి లేతు ప్రక్కనే బిగించియుండును. పదును పెట్టినప్పుడెల్ల ఆ పొడి ఎగిరి, ఎర్రమట్టి దుమ్ముతో కూడి, నూనె తడిసిన బెడ్డుపై వ్రాలి, శాడిలు క్రిందికి పోవును. ఆ రాయిని ఊడదీసి తలుపు అవతల బిగించవలెను. సాయంకాలము కరెంటు కట్టిన పిమ్మట బెడ్డు తుడిచి, నూనె పూసి, పాత గోనెపట్టా కప్పి ఇంటికి పోవలెను.