నోబుల్ బడి నేర్పే పాఠం

బందరులో నోబుల్ కళాశాల పేరు తెలియనివారు ఉండరు. ఆ పేరుగల మనిషిని గూర్చి తెలిసినవారు మాత్రం తక్కువ. మహనీయులకు దండలు వేసి మరచిపోవడం మనకు అలవాటు. రాబర్ట్ టర్లింగ్‌టన్ నోబుల్ విషయంలో అది చాలదు. ఆయన సేవనూ, ఆయన లోపాన్నీ ఒకే త్రాసులో తూచి చూడవలసి ఉన్నది.

1809లో ఇంగ్లండులోని లీస్టర్‌షైర్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివిన నోబుల్ 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున ఈ దేశం వచ్చారు. వెంట వచ్చిన హెన్రీ ఫాక్స్ ఊరూరా తిరిగి బోధించే పని చేపట్టారు. నోబుల్ ఒకచోట నిలిచి బడి నడపడమే తన పని అనుకున్నారు. తెలుగు నేర్చుకుని 1843లో బందరులో బడి తెరిచారు. ఇక ఆయనకు ఆ బడే లోకం. పెళ్లి చేసుకోలేదు. ఇరవైనాలుగేళ్లలో ఒక్కసారైనా స్వదేశం వెళ్లి రాలేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరు ప్రాంతంలో సుమారు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ మరుసటి ఏడు, 1865లో నోబుల్ ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

మత ప్రచారమే తన ధ్యేయమన్న సంగతి ఆయన దాచలేదు. బడిలో బైబిలు పాఠం తప్పదు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం స్వీకరించగా ఊరు భగ్గుమన్నది. తలిదండ్రులు పిల్లలను మాన్పించారు. బడి ఖాళీ అయింది. నోబుల్ చలించక మళ్లీ మొదలుపెట్టారు. క్రమంగా పిల్లలు తిరిగి వచ్చారు. ఇంగ్లీషు చదువు మీద, సర్కారు కొలువు మీద ఆశ ఒక కారణం. పంతులు నిజాయితీ మీద నమ్మకం మరో కారణం. మతం మార్చే మనిషని తెలిసికూడా అగ్రవర్ణాలవారు తమ బిడ్డలను ఆయన చేతిలో పెట్టారంటే, గురువుగా ఆయన ఎంతటివాడో ఊహించవచ్చు.

అయితే ఆ బడి గేటు అందరికీ తెరవలేదు. అప్పట్లో పంచములని పిలిచినవారి పిల్లలకు అందులో ప్రవేశం లేదు. వారిని చేర్చుకుంటే పెద్ద కులాలవారు రారని, పెద్దలు మారితే వెలుగు తనంతట తానే కిందికి దిగుతుందని నోబుల్ వాదన. దేవుని ఎదుట అందరూ సమానులని చెప్పవచ్చిన మనిషి తన బడి వాకిట్లో ఊరి కట్టుబాటుకు తలవంచారు. దీనిని చిన్న విషయమని కొట్టివేయరాదు.

ఆయన అనుకున్నట్లు వెలుగు కిందికి దిగలేదు. ఆయన బతికుండగానే, 1859లో, ఇదే సొసైటీకి చెందిన డార్లింగ్ అనే మిషనరీ వద్ద రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్ద బాప్తిస్మం పొందారు. ఎవరూ పిలువకుండానే ఆయన తానుగా వెతుక్కుంటూ వచ్చారు. గోదావరి, కృష్ణా మండలాల పల్లెల్లో దళితులు ఆ బాట పట్టడం అక్కడినుంచే ఊపందుకుంది. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు ఇదే పరీక్ష ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే తాము రామని అగ్రవర్ణాలవారు తెగేసి చెప్పారు. ఆయన మాదిగలవైపే నిలిచారు. ఆ నిర్ణయంతో ఆయన ప్రారంభించిన బడి మూతపడింది. అయినా ఆ తర్వాత పల్లె పల్లెనా అక్షరం వెళ్లింది మాత్రం ఆ తెరచిన తలుపు గుండానే.

ఇది నూటయాభై ఏళ్లనాటి ముచ్చట గదా అని ఊరుకోవడానికి వీల్లేదు. ఈనాడు కులం పేరు చెప్పి ఏ బడీ పిల్లవాణ్ణి బహిరంగంగా వెనక్కి పంపలేదు. ఆ పని ఫీజు చేస్తున్నది. ప్రవేశ పరీక్ష చేస్తున్నది. తలిదండ్రులకు ఇంగ్లీషు రాకపోవడం చేస్తున్నది. 2009 విద్యాహక్కు చట్టం మైనారిటీ సంస్థలు మినహా ప్రైవేటు అన్‌ఎయిడెడ్ పాఠశాలల ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లను బలహీన, వెనుకబడిన వర్గాల పిల్లలకు కేటాయించింది. మన జిల్లాలో ఏ బడి ఎన్ని సీట్లు ఇచ్చిందో, ఎందరు పిల్లలు చేరి నిలిచారో విద్యాశాఖాధికారులు ఏటా ప్రకటించాలి. ఆ జాబితా ప్రతి మండల కార్యాలయం గోడమీద కనిపించాలి. పేదలకు ఇంతవరకు తెలియని హక్కు అప్పుడే చేతికి వస్తుంది.

ఒక పరదేశి తన జీవితమంతా ధారపోసి ఈ జిల్లాలో ఇంగ్లీషు చదువుకు పునాది వేశారు. అందుకు కృతజ్ఞత చెప్పడం మన విధి. ఆయన మూసి ఉంచిన గేటును మనం పూర్తిగా తెరిచినప్పుడే ఆ కృతజ్ఞతకు అర్థం ఉంటుంది.